ముందుగా జారిపోయే నీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారక ఉపన్యాసం



విశ్వేశ్వరయ్యగారి పేరు వినగానే చాలామందికి కృష్ణరాజసాగరం కళ్ళముందు కదులుతుంది. హైదరాబాదు వారికైతే మూసీ గుర్తొస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసిన తరువాత నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించుకుంది. ఆయన చేసిన సూచనల ఫలితంగానే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన ఇంటిపేరైన మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరు. ఇవన్నీ మీకు తెలిసినవే. అంతగా చెప్పుకోని సంగతి ఒకటి ఇవాళ తలచుకుంటాను.

బొంబాయి ప్రెసిడెన్సీలో పనిచేసే రోజుల్లో, 1890ల నడుమ, ఆయన్ని సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీళ్ళ పథకం కోసం పంపారు. సింధు నది నీరు బురద బురదగా ఉంటుంది. ఫిల్టర్లు కట్టించే స్తోమత పురపాలక సంఘానికి లేదు. ఆయన నదీగర్భంలోనే, ఒడ్డుకు దగ్గరగా, ఒక గుండ్రటి బావి తవ్వించారు. నీరు చాలేందుకు ఆ బావి నుంచి నది అడుగుకు ఒక సొరంగం కూడా వేయించారు. ఇసుక పొరల్లోంచి ఊరి వచ్చిన నీరు తేటగా బావిలో చేరింది. ఆ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటంటే, ఇసుకను తప్పించుకుని బావిలోకి దూరే దారి నీటికి లేదు. మొదటి చుక్కకైనా చివరి చుక్కకైనా అదే ప్రయాణం. మనం ఈనాడు కోట్లు పోసి కడుతున్న శుద్ధి కేంద్రాల్లో చాలాచోట్ల లోపించింది సరిగ్గా ఇదే. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

1

ప్రతి ట్యాంకుకూ కాగితం మీద ఒక సమయం రాసి ఉంటుంది. ట్యాంకు ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చే సమయం అది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతున నీళ్ళు ఉన్న క్లోరిన్ కాంటాక్ట్ ట్యాంకు తీసుకోండి. 600 ఘనమీటర్లు. గంటకు 1200 ఘనమీటర్ల నీరు వస్తుంటే సమయం అరగంట. డ్రాయింగులో అరగంట, రిజిస్టరులో అరగంట, తనిఖీ నివేదికలోనూ అరగంటే. ఇవాళ్టి లెక్కలన్నీ ఈ ట్యాంకు మీదే చేస్తాను, గుర్తుంచుకోండి.

ఈ అరగంట సగటు మాత్రమే. తిరుమలలో దర్శనానికి సగటున ఎనిమిది గంటలు పట్టిందంటే ప్రతి భక్తుడూ ఎనిమిది గంటలు ఆగాడని కాదు కదా. కొందరు రెండు గంటల్లో బయటికొస్తారు, కొందరు తెల్లవార్లూ కంపార్ట్‌మెంట్లో కూర్చుంటారు. ట్యాంకులో నీరూ అంతే. ఇన్‌లెట్ పైపు నుంచి వేగంగా దూసుకొచ్చిన ధార నేరుగా ఔట్‌లెట్ దారి పడుతుంది. మూలల్లో నీరు సుడులు తిరుగుతూ గంటలకొద్దీ అక్కడే ఉండిపోతుంది. కొంత నీరు మూడు నిమిషాలు, మరికొంత రెండు గంటలు ఉన్నా సగటు అరగంట రావచ్చు. రెండు గంటలు ఉన్న నీటికి అదనంగా ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. మూడు నిమిషాల్లో వెళ్ళిపోయిన నీరు మాత్రం శుద్ధి కాకుండానే కుళాయికి చేరుతుంది.

నా వాదన ఇది: ట్యాంకును సగటు సమయంతో కొలిచే అలవాటు మానుకుని, అందరికంటే ముందు బయటపడే పదోవంతు నీరు లోపల ఎంతసేపు ఉందో చూసి కొలవాలి. అప్పుడు ఉన్న ట్యాంకులతోనే చాలా పని చేయించుకోవచ్చు.

2

ముందు వెళ్ళిపోయే నీటి వల్ల నష్టం ఎంత? ఈ లెక్క నిదానంగా చేద్దాం, అసలు బలం ఇందులోనే ఉంది.

క్రిమిసంహారక మందుకు సూక్ష్మజీవులు ఏ తీరున చస్తాయో హారియెట్ చిక్ 1908లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. ఏ క్షణానికి ఎన్ని మిగిలి ఉంటే అందులో ఒక నిర్ణీత వంతు ఆ తరువాతి నిమిషంలో చస్తుంది. ఆ ఏడాదే సెప్టెంబరు 26న అమెరికాలో జెర్సీ సిటీకి వెళ్ళే నీటికి నిరంతరం క్లోరిన్ కలపడం మొదలైంది. దానికి రెండు రోజుల తరువాత ఇక్కడ మూసీ పొంగింది. నీటి ఇంజనీర్లు మరచిపోకూడని వారం అది.

చిక్ సూత్రాన్ని మన ట్యాంకుకు పెట్టి చూద్దాం. నీరంతా వరసలో నడిచి, ఎవరూ ఎవరినీ దాటకుండా వెళ్తే, దాన్ని ప్లగ్ ఫ్లో అంటాం. అలా వెళ్ళినప్పుడు వెయ్యి సూక్ష్మజీవుల్లో ఒక్కటే మిగిలేంత క్లోరిన్ వేశామనుకోండి. అదే క్లోరిన్, అదే ట్యాంకు, అదే అరగంట. నీరు మాత్రం లోపల పూర్తిగా కలగలిసిపోతే ఎన్ని మిగులుతాయి? 126. అదే పరిమాణాన్ని రెండు సమాన గదులుగా చేసి వరసగా నడిపిస్తే 50 మిగులుతాయి. నాలుగు గదులైతే 18. ఎనిమిదైతే 7. కాంక్రీటు పెరగలేదు, మందు పెరగలేదు, నీరు నడిచిన తీరు ఒక్కటే మారింది.

పోనీ, పూర్తిగా కలగలిసే ఒకే ట్యాంకుతో వెయ్యికి ఒకటి సాధించాలంటే ఎంత పెద్దది కట్టాలి? సుమారు 145 రెట్లు. విద్యార్థులు ఇంటికెళ్ళి ఈ లెక్క మళ్ళీ చేయండి. నా మాట మీద నమ్మవద్దు.

ఇంకొక కోణం నుంచి చూడండి. వంద లీటర్లలో ఒక్క లీటరు క్లోరిన్ సోకకుండా దాటిపోతోందనుకుందాం. మిగతా 99 లీటర్లను ఎంత శుభ్రం చేసినా మొత్తం మీద 99 శాతం దాటదు. మందు రెట్టింపు చేసినా, పదింతలు చేసినా ఆ ఒక్క లీటరే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మనం 99.9 కావాలంటున్నాం, 99.99 కావాలంటున్నాం. అంత ఎత్తుకు వెళ్ళేకొద్దీ సగటు నీటి ప్రభావం తగ్గిపోయి, తొందరగా వెళ్ళే నీటిదే పైచేయి అవుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆలెన్ హేజెన్ 1904లోనే సెటిలింగ్ ట్యాంకుల మీద రాస్తూ, ట్యాంకును వరస గదులుగా విడగొడితే మడ్డి ఎంత బాగా దిగుతుందో లెక్కగట్టారు. 1953లో పీటర్ డాంక్‌వర్ట్స్ ఈ విషయానికి పూర్తి గణిత రూపం ఇచ్చారు. లోపలికెళ్ళిన ద్రవంలో ఏ భాగం ఎంతసేపు ఉండి వచ్చిందో ఒక వక్రరేఖగా గీయవచ్చని, ఆ రేఖను చూసి పాత్ర పనితీరు చెప్పవచ్చని ఆయన చూపారు. కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ పాఠం లెవెన్‌స్పీల్ పుస్తకంలో చదువుకుంటారు. నీటి ప్లాంట్లు కట్టే సివిల్ ఇంజనీర్ల చేతికి ఈ పాఠం చాలాచోట్ల అందలేదని నా బాధ.

3

డాంక్‌వర్ట్స్ చెప్పిన ఆ రేఖను గీయడానికి విదేశీ పరికరం అవసరం లేదు. ఉప్పు, ఒక కండక్టివిటీ మీటరు, గడియారం చాలు.

మన 600 ఘనమీటర్ల ట్యాంకుకు 12 కిలోల ఉప్పు సరిపోతుంది. ట్యాంకు మొత్తానికి పంచితే లీటరుకు 20 మిల్లీగ్రాములు. తాగేవారికి రుచిలో తేడా తెలియదు, మీటరుకు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. డ్రమ్ములో కరిగించి, ఇన్‌లెట్ దగ్గర నీరు బాగా గిలకొట్టుకునే చోట ఒక్కసారిగా కలపాలి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఉప్పునీరు మామూలు నీటికంటే బరువు. కదలిక లేని చోట గుమ్మరిస్తే అడుగుకు దిగిపోయి, తన దారిన తాను పాకుతుంది. అప్పుడు మనం కొలిచేది ఉప్పు ప్రయాణమే, నీటి ప్రయాణం కాదు. అందుకే వీలైనంత పలచగా కలపండి, నీరు దూకే చోట పోయండి.

ఆ క్షణం నుంచి ఔట్‌లెట్ దగ్గర నిమిషానికొక రీడింగ్ తీయండి. పరీక్ష నడిచినంతసేపు పంపులు మార్చకూడదు, ఫిల్టర్ బ్యాక్‌వాష్ పెట్టకూడదు, ట్యాంకు మట్టం మారకూడదు. ప్లాంటు పూర్తి ప్రవాహంలో ఉన్నప్పుడే చేయాలి. ముందు జారే నీరు అప్పుడే ఎక్కువ. చివర్లో రేఖ కింది వైశాల్యం నుంచి బయటికొచ్చిన ఉప్పు ఎంతో లెక్కగట్టండి. పోసిన 12 కిలోలకు దగ్గరగా రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, మళ్ళీ చేయాలి.

ఉప్పులో పదోవంతు దాటిపోయిన సమయాన్ని టీ10 అంటాం. మన కొలబద్ద అదే. రేఖ ఆకారం ఇంకా చాలా చెబుతుంది. రెండు మూడు నిమిషాల్లోనే శిఖరం కనిపిస్తే నీరు అడ్డదారిన పోతోంది. రేఖ సగటు సమయం అరగంటకు బదులు 20 నిమిషాలే వస్తే ట్యాంకులో మూడోవంతు పని చేయడం లేదు. నీళ్ళు నిండి ఉన్నా ప్రవాహం ఆ వైపు పోవడం లేదన్నమాట. శిఖరాలు రెండు మూడు కనిపిస్తే లోపల పెద్ద సుడి తిరుగుతోంది.

ఈ రోజుల్లో కంప్యూటరు మీద ప్రవాహ చిత్రాలు గీసే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. రంగురంగుల బొమ్మలు వస్తాయి. ఆ పద్ధతి మంచిదే, నాలుగు ప్రత్యామ్నాయాలను పోల్చడానికి చాలా ఉపయోగం. అయితే ఉప్పు పరీక్షతో సరిపోల్చని కంప్యూటరు బొమ్మ మీద ఆధారపడి గోడ కట్టమని నేనెవరికీ సలహా ఇవ్వను.

4

నీరు ఎందుకు అడ్డదారి పడుతుంది? కారణాలు మూడు నాలుగున్నా, మన వాతావరణంలో ముఖ్యమైనదాన్ని మన పాఠ్యపుస్తకాలు తక్కువగా చెబుతాయి. అది బరువు తేడా.

నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒక్క డిగ్రీ తేడా వస్తే ఘనమీటరుకు సుమారు 0.3 కిలోల బరువు మారుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల ఒండ్రు ఉంటే వచ్చే అదనపు బరువూ దాదాపు అంతే. చాలా స్వల్పం అనిపిస్తుంది. కానీ సెటిలింగ్ ట్యాంకులో నీరు సెకనుకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. అంత నెమ్మదిగా సాగే నీటిని మళ్ళించడానికి ఈ తేడా ఎక్కువే. మే నెల మధ్యాహ్నం కాలువలో వేడెక్కి వచ్చిన నీరు ట్యాంకు పైపొర మీదుగా తేలిపోయి నేరుగా ఔట్‌లెట్ చేరుతుంది, కింద నీరు అలాగే ఉంటుంది. వరదల రోజుల్లో కృష్ణ, గోదావరి ఎర్రనీరు వచ్చినప్పుడు ఇది తలకిందులవుతుంది. బురదనీరు అడుగుకు జారి, నేల వెంబడి పరుగెత్తి, చివరి గోడను తాకి పైకి లేస్తుంది. లేస్తూ మడ్డిని కూడా తీసుకొస్తుంది. మన ట్యాంకులకు రెండు రుతువుల్లో రెండు జబ్బులు. అందుకే ఉప్పు పరీక్ష ఎండాకాలంలో ఒకసారి, వరదకాలంలో ఒకసారి చేయాలి.

నీరు ఇలా దారి మళ్ళకుండా చూడాల్సింది ముందు ఇన్‌లెట్ దగ్గర. అక్కడ నిలువునా రంధ్రాలున్న గోడ కడితే నీరు ట్యాంకు వెడల్పంతా సమంగా పరుచుకుంటుంది. రంధ్రాలు మరీ పెద్దవైతే గోడ ఉన్నా లేనట్టే. మరీ చిన్నవైతే అందులోంచి వచ్చే వేగానికి, అంతసేపూ కష్టపడి కట్టిన ఫ్లాక్, అంటే పటికతో ముద్దకట్టిన మడ్డి, విరిగిపోతుంది.

ఔట్‌లెట్ సంగతి ఒకటి వివరంగా చెబుతాను. ఒక పట్టణపు ప్లాంటులో మడ్డి దించే గుండ్రటి ట్యాంకు, క్లారిఫ్లాక్యులేటర్ చుట్టూ ఉన్న నడవ మీద ఒక ఉదయం నడిచాను. తూర్పు వైపు అంచున ఉన్న వీ ఆకారపు గండ్లు, వీ-నాచ్‌లన్నిటిలోంచి నీరు ధారగా దూకుతోంది, ఆ ధారల్లో తెల్లటి ఫ్లాక్ రేణువులు కళ్ళకే కనబడుతున్నాయి. పడమటి వైపుకు వచ్చేసరికి నాచ్‌ల అంచులు తడిగా మాత్రమే ఉన్నాయి. పాచి పట్టింది, రెండు మూడు చోట్ల గడ్డి మొలిచింది. ఆ నాచ్‌లున్న అంచు కాలువ, లాండర్, కొద్దిగా ఒరిగింది, అంతే. ఆ కొద్దికి ఎంత నష్టమో చూడండి. వీ-నాచ్‌లోంచి పోయే నీరు దానిపై నీటి ఎత్తుకు రెండున్నర ఘాతంగా పెరుగుతుంది. ఒక వైపు ఎత్తు 6 సెంటీమీటర్లు, ఎదుటి వైపు 4 సెంటీమీటర్లు ఉందంటే, మొదటి వైపు నాచ్‌లో రెండోదానికి 2.76 రెట్లు నీరు పోతుంది. రెండు సెంటీమీటర్ల వాలు ట్యాంకులో ఒక పక్కను పరుగు పెట్టించి, రెండో పక్కను నిద్రపుచ్చింది. ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతున్నాయని, పటిక మోతాదు పెంచాలని అక్కడివారు అనుకుంటున్నారు.

దీనికి మందు పానా. నాచ్ పలకల బోల్టు రంధ్రాలు నిలువుగా పొడుగ్గా ఉండేది ఎత్తు సవరించుకోవడానికే. గాలి లేని తెల్లవారుజామున ప్రవాహం ఆపి, నీటిమట్టం నాచ్‌ల అడుగును అంటీ అంటనట్టు ఉంచి, ఆ నీటి ఉపరితలాన్నే మట్టంగా పెట్టుకుని ఒక్కొక్క పలకా సరిచేయాలి. అంతకు మించిన లెవెల్ పరికరం లేదు.

5

ఇక అడ్డుగోడలు. మన కాంటాక్ట్ ట్యాంకు దగ్గరికి తిరిగి రండి.

అమెరికాలో 1989 నాటి ఉపరితల జలాల శుద్ధి నిబంధన క్లోరిన్ గాఢతను టీ10తో గుణించి లెక్కగట్టమంది. సగటు సమయాన్ని అంగీకరించలేదు. ఉప్పు పరీక్ష లాంటిది చేయలేని చోట వాడుకోవడానికి దాని మార్గదర్శకాల్లో కొన్ని గుణకాలు ఇచ్చారు. అడ్డుగోడలు లేని ట్యాంకుకు 0.1. నాసిరకం అడ్డుగోడలుంటే 0.3, ఓ మోస్తరువైతే 0.5, బాగా కడితే 0.7. అంటే గోడలు లేని మన ట్యాంకులో అరగంట అనుకుంటున్నది నిజానికి 3 నిమిషాలుగా లెక్కకొస్తుంది.

ఆ ట్యాంకులో పొడవునా నాలుగు గోడలు పెట్టి, రెండేసి మీటర్ల వెడల్పున్న ఐదు వరసలు చేయండి. నీరు ఒక వరసలో వెళ్ళి, చివర మలుపు తిరిగి, పక్క వరసలో వెనక్కి వస్తుంది. దారి 20 మీటర్ల నుంచి 100 మీటర్లయింది. పొడవు వెడల్పుకు 50 రెట్లు. 40 రెట్లు దాటితే ప్లగ్ ఫ్లోకు బాగా దగ్గరవుతుందని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. 0.7 గుణకం తీసుకుంటే టీ10 21 నిమిషాలు. ఏడు రెట్లు పెరిగింది.

పీడనం పోతుందేమో, మట్టం చాలదేమో అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. ఇక్కడ వేగం సెకనుకు 5.6 సెంటీమీటర్లు. ఒక్కో మలుపులో పోయే మట్టం అర మిల్లీమీటరు చొప్పున, నాలుగు మలుపులకూ రెండు మిల్లీమీటర్లు. ఈ పాటి ట్యాంకుకు అది అడ్డంకే కాదు.

గోడలు కట్టకుండా అదే రక్షణ కావాలంటే ఏడు రెట్ల క్లోరిన్ వేయాలి. యోహానెస్ రూక్ 1974లో రోటర్‌డామ్ నీటిలో చూపిన విషయం అప్పుడు ఎదురవుతుంది: నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసి ట్రైహాలోమీథేన్లు తయారవుతాయి. చెరువుల, జలాశయాల నీటిని శుద్ధి చేసే మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. మలుపు దగ్గర ఖాళీ దాదాపు వరస వెడల్పంత ఉండాలి. గోడల అడుగున చిన్న రంధ్రాలు వదలాలి. శుభ్రం చేయడానికి ట్యాంకు ఖాళీ చేసినప్పుడు గోడకు ఒక పక్కే నీరు నిలిస్తే సన్నటి ఫెర్రోసిమెంటు గోడ ఆ ఒత్తిడికి ఆగదు.

అడ్డుగోడలు అన్నిచోట్లా పెట్టమని మాత్రం కాదు. పటిక కలిపే ఫ్లాష్ మిక్సర్‌లో నీరు క్షణాల్లో కలగలిసిపోవాలి, అక్కడ కోరుకునేది అదే. మురుగునీటి ఏరేషన్ ట్యాంకులోకి ఒక్కోసారి ఫ్యాక్టరీ వ్యర్థం దూసుకొస్తుంది. బాగా కలిసిన ట్యాంకు దాన్ని పలచబరచి బాక్టీరియాను కాపాడుతుంది. ఏ ట్యాంకు ఏ పని కోసమో చూసుకుని ప్రవాహాన్ని ఎంచుకోవాలి.

6

పల్లెల నుంచి వచ్చిన మిత్రులు, ఇదంతా పెద్ద ప్లాంట్లకే కదా అనుకుంటూ ఉండవచ్చు. మీ ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఇంతకంటే తేలికైన ఉపాయం ఉంది.

చాలా ఊళ్ళలో నీరు రోజంతా రాదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వదులుతారు. ఇలాంటి చోట ట్యాంకు నింపుతూనే కింద వాల్వు తెరిస్తే, పైన పోసిన బ్లీచింగ్ కలిసేలోపే కొంత నీరు వీధికి చేరుతుంది. అలా కాకుండా, కింది వాల్వు మూసి ట్యాంకు నింపండి. బ్లీచింగ్ పౌడరును బకెట్లో కలిపి, సున్నపు తేట పైకి తేరాక, ఆ తేట ద్రావణాన్ని నీరు పడుతున్న చోట, నింపుతున్నంతసేపూ కొంచెం కొంచెంగా పోయండి. పడే నీరే దాన్ని కలుపుతుంది. నిండాక పంపు ఆపి అరగంట ఆగండి. అప్పుడు వాల్వు తిప్పండి. ప్రతి చుక్కా కనీసం అరగంట లోపల ఉన్నట్టే. ఎవరూ ముందు జారిపోయే వీలు లేదు. పైసా ఖర్చు లేకుండా ప్లగ్ ఫ్లోతో సమానమైన ఫలితం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: పీహెచ్ 8 కంటే తక్కువ ఉన్న నీటిలో కనీసం 30 నిమిషాల తరువాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మన భారతీయ ప్రమాణం ప్రకారం చివరి కుళాయి దగ్గర కనీసం 0.2 ఉండాలి. మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్‌తో చివరి ఇంటి దగ్గర చూసి, తక్కువైతే మరునాడు మోతాదు సవరించుకోండి. వాల్వు తిప్పే మనిషికి పంచాయతీ ఈ అరగంటను పని వేళల్లో లెక్కగట్టాలి. అతన్ని తొందరపెట్టి, నీళ్ళు ఆలస్యమయ్యాయని నలుగురిలో నిలదీస్తే ఈ ఏర్పాటు వారం కూడా నిలవదు.

7

విభాగాల్లో నిర్ణయాలు తీసుకునే పెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి రెండు విన్నపాలు. కొత్త ప్లాంటు అప్పగించుకునేటప్పుడు కాంక్రీటు బలం పరీక్షిస్తాం, లీకేజీ చూస్తాం. ఉప్పు పరీక్ష చేసి టీ10 రాసి ఇవ్వాలని టెండరులోనే షరతు పెట్టండి; ఆ అంకె రానప్పుడు సవరించే బాధ్యత కట్టినవారిదేనని రాయండి. రెండోది పాత ప్లాంట్ల గురించి. విస్తరణకు కొత్త ట్యాంకు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఉన్న ట్యాంకు ఉప్పు రేఖ జతచేయని ఫైలును వెనక్కి పంపండి. ఆ రేఖలో మూడోవంతు ట్యాంకు పని చేయకుండా పడి ఉందని తేలితే, ముందు దాన్ని పనిలో పెట్టించండి.

పరీక్ష చేయదలచిన ప్లాంటు ఇంజనీర్ల కోసం ఒక పట్టిక తెచ్చాను. ట్యాంకు ఘనపరిమాణాన్ని బట్టి ఎంత ఉప్పు, ఎన్ని నిమిషాలకొక రీడింగ్, టీ10 ఎలా లెక్కగట్టాలి అన్నీ ఒక పేజీలో ఉన్నాయి. ద్వారం దగ్గర బల్ల మీద ఉంచాం, వెళ్ళేటప్పుడు తీసుకోండి.  ఆపరేటర్ల ప్రశ్నలతో చర్చ మొదలుపెడితే సంతోషిస్తాను.